సప్తస్వరాలు - మన నిత్యజీవితం

శబ్దానికి జ్ఞాపకాన్ని మేల్కొలిపే శక్తి ఉన్నది. బిందె కింద పడిన చప్పుడు వింటే ఒకరికి పెళ్లివారి ఇల్లు గుర్తుకు వస్తుంది. మరొకరికి ఎండిన బావి గుర్తుకు వస్తుంది. చప్పుడు ఒక్కటే, విన్నవారి జీవితాలు వేరు. అట్లాగే స, రి, గ, మ, ప, ద, ని అనే ఏడు స్వరాక్షరాలు ఎవరికి ఏ వస్తువును గుర్తుచేస్తాయి అన్న ప్రశ్న పొద్దుపోక వేసుకొన్నదిగా కనిపించవచ్చును. కాని దాని వెనుక, సంగీతం ఎవరి సొత్తు అన్న పెద్ద ప్రశ్న ఒకటి ఉన్నదని మేము భావిస్తున్నాము.

ఈ ఆలోచన మాకు కంబదూరు ప్రాంతంలో కలిగింది. జాతీయ సేవా పథకం శిబిరం నిమిత్తం విద్యార్థులతో కలిసి ఆ మండలంలోని ఒక పల్లెకు వెళ్లి ఉన్నాము. పగలంతా చెరువు కట్టమీది ముళ్లకంపలు కొట్టి, సాయంత్రం బడి వసారాలో కూర్చున్నాము. కరెంటు లేదు. తెలుగు చదువుకొనేవారూ, ఉర్దూ చదువుకొనేవారూ కలిసి ఉన్నారు. అందరికీ పనికివచ్చే ఆట ఒకటి పెట్టాము. ఏడు స్వరాక్షరాలతోనే, కావలసినచోట దీర్ఘమిచ్చి, అర్థమున్న మాటలు చెప్పవలెను. ఇదే నియమం.

మొదట "సరి" వచ్చింది. తరువాత "మరి", "పద", "దారి", "పాగా" వచ్చాయి. ధర్మవరం నుండి వచ్చిన చేనేతవారి అమ్మాయి "సరిగ" అన్నది. సరిగ అనగా జరీ. ఆమె ఇంట మగ్గం మీద నిత్యం కనిపించే వస్తువు. రామగిరి వైపు విద్యార్థి "గని" అన్నాడు. ఆ సీమలోని బంగారు గనులు 2001 నాటికి మూతపడ్డాయి; అతనికి అది తాత చెప్పిన కథలోని మాట. సరిహద్దుకు ఆవలనున్న పావగడలో బంధువులు కలిగిన గొర్రెల కాపరి కొడుకు, "మరి అంటే కన్నడంలో పిల్ల సార్, గొర్రెపిల్లను కురిమరి అంటారు" అని చెప్పి, ఒకే మాటకు రెండు మార్కులు అడిగాడు. ఉర్దూ విద్యార్థులు "దాదా", "దగా", "నిగా" అన్నారు. మన పోలీసు వార్తలలోని నిఘా ఈ చివరి మాటకు చుట్టమేనని మేము వివరించాము. ఒక రైతుబిడ్డ "మాగాణి" అని ఉత్సాహంగా లేచాడు. అందులో ఉన్నది "ని" కాదు, "ణి" కనుక చెల్లదన్నాము. "మాకు మాగాణి ఎక్కడిది లే సార్" అని నవ్వుతూ కూర్చున్నాడు.

ఆట ముగియబోతున్న సమయంలో ఒక విద్యార్థి "పని" అన్నాడు. అదే క్షణంలో మూలన కూర్చున్న ఉర్దూ అమ్మాయి "పానీ" అన్నది. ఇద్దరికీ దొరికినవి అవే రెండు స్వరాలు, పంచమమూ నిషాదమూ. ఒకరి భాషలో అవి శ్రమ. మరొకరి భాషలో అవి నీరు. వసారాలో నవ్వులు ఆగిపోయాయి. పూర్వపు అనంతపురం జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పెన్న ఇసుకగానే కనిపించే నెలలు ఎక్కువ. సెనక్కాయ పంట పోయిన ఏట పల్లెలోని వయసువాళ్లు బెంగళూరు దారి పడతారు. నీరు లేనందువల్ల పని లేదు. పని లేనందువల్ల ఊరు సగం ఖాళీ. ఆ పిల్లలలో ఈ సంగతి ఎరుగనివారు ఒక్కరూ లేరు.

మా తెలుగు పండితులకు ఈ ఆట అపచారంగా తోచవచ్చును. స్వరం నాదమే గాని మాట కాదనీ, ఏడు అక్షరాలు షడ్జమం, రిషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం అనే పేర్లకు పొడి అక్షరాలు మాత్రమేననీ, ధైవతానికి న్యాయంగా ఒత్తు "ధ" ఉండవలెననీ వారు అంటారు. ఇవన్నీ నిజమే. అయినప్పటికీ, స్వరాన్ని చుట్టూ ఉన్న వస్తువుతో పోల్చడం మేము కనిపెట్టిన వింత కాదు. సామవేదానికి చెందిన నారదీయశిక్ష షడ్జమాన్ని నెమలికీ, రిషభాన్ని ఎద్దుకూ, గాంధారాన్ని మేకకూ, మధ్యమాన్ని క్రౌంచపక్షికీ, పంచమాన్ని కోకిలకూ, ధైవతాన్ని గుర్రానికీ, నిషాదాన్ని ఏనుగుకూ చెప్పింది. ఆనాటివారికి ఇవి నిత్యం కంటబడే, చెవినబడే ప్రాణులు. వారు తమ పెరటి నుండీ, తమ అడవి నుండీ ఉపమానాలు తెచ్చుకొన్నారు.

ఇంకొక విశేషం ఉన్నది. పదమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉద్యోగం చేసిన శార్ఙ్గదేవుడు తన "సంగీత రత్నాకరం"లో ఈ పట్టికనే కొంత మార్చి చెప్పాడు. అందులో రిషభానికి ఎద్దుకు బదులు చాతకం, ధైవతానికి గుర్రానికి బదులు కప్ప కనిపిస్తాయి. నెమలి ఎట్లాగూ ఉన్నది. వానచినుకు కోసం నోరు తెరిచే చాతకం, మబ్బును చూచి ఆడే నెమలి, తొలకరికి బెకబెకలాడే కప్ప, ఈ మూడూ వానతో ముడిపడిన ప్రాణులే. దేవగిరి, అనగా నేటి దౌలతాబాదు, మన వలెనే దక్కను పీఠభూమి మీది ఊరు. శార్ఙ్గదేవుడు ఏ ఉద్దేశంతో ఈ పాఠం గ్రహించాడో చెప్పే సాహసం మేము చేయము. కాని వానకోసం ఆకాశం చూచే నేలమీద పుట్టినవారికి ఆ పట్టిక దగ్గరి చుట్టంలా తోస్తుందని మాత్రం చెప్పగలము. చాతకం నోట రిషభాన్ని విన్న సంప్రదాయం, కంబదూరు బిడ్డ "పానీ"ని తప్పుపట్టగలదా?

ఇతర దేశాల చరిత్ర కూడా ఇట్లాగే ఉన్నది. పాశ్చాత్యుల స్వరాక్షరాలను పదకొండవ శతాబ్దిలో ఇటలీలోని అరెజ్జోకు చెందిన గీదో అనే సన్యాసి ఏర్పరచాడు. బాలగాయకులకు తెలిసిన ఒక లాటిన్ స్తోత్రంలోని పాదాల మొదటి అక్షరాలనే ఆయన స్వరాలకు పేర్లుగా పెట్టాడు. వారికి ముందే తెలిసినదాన్ని పట్టుకొని తెలియనిదాన్ని నేర్పాడన్నమాట. 1959లో నాటకంగానూ, 1965లో చలనచిత్రంగానూ వచ్చిన "సౌండ్ ఆఫ్ మ్యూజిక్"లో ఒక ఉపాధ్యాయిని అవే అక్షరాలను పిల్లలకు ఆడుజింకగా, సూర్యకిరణంగా, కుట్టుదారంగా, తేనీరుగా పరిచయం చేస్తుంది. ఒక్క అక్షరానికి మాత్రం రచయితకు వస్తువు దొరకక, ముందు స్వరం తరువాత వచ్చేది అని సరిపెట్టాడు. మన ఏడు అక్షరాలలో అట్టి లోటు మాకు కనబడలేదు. పైగా ముత్తుస్వామి దీక్షితులు మొదలైన వాగ్గేయకారులు సాహిత్యంలోని అక్షరమూ, పాడే స్వరమూ ఒకటే అయ్యేటట్లు కూర్చారు. దానికి స్వరాక్షరమని పేరు. ఆ మహనీయులు విద్వత్తుతో చేసిన పనికీ, మా పిల్లలు వసారాలో ఆడిన ఆటకూ పోలిక లేదు. కాని మాటకూ స్వరానికీ మధ్య తలుపు ఉన్నదని వారే చూపారు.

మన సంగీతంలో మరొక ఔదార్యం ఉన్నది. షడ్జమానికి ఇంత శ్రుతి అని శాశ్వతమైన కొలత లేదు. ఎవరి కంఠానికి ఏది అనువో అక్కడే వారి షడ్జమం. మిగిలిన ఆరు స్వరాలూ దానినిబట్టి తమ చోట్లు వెదకుకొంటాయి. పసిపిల్లకు ఒక షడ్జమం, ముసలివానికి ఒక షడ్జమం. స్వరమే ఇంత స్వేచ్ఛ ఇచ్చినప్పుడు, స్వరం గుర్తుచేసే వస్తువు అందరికీ ఒకటే కావలెనని మనమెందుకు పట్టుబట్టవలె? ఏనుగును పటంలో తప్ప చూడని బిడ్డకు నిషాదం ఏనుగు ఘీంకారమని కంఠస్థం చేయిస్తే, అతడు పరీక్షలో రాస్తాడు, చెవితో వినడు.

ఆ రాత్రి తిరిగి వస్తుండగా "పానీ" అన్న అమ్మాయి మెల్లగా అడిగింది: "సార్, ఈ సరిగమలు మనవి కూడానా?" ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నయే. మా సముదాయంలో సంగీతం పట్ల సంకోచం ఉన్నమాట దాచవలసినది కాదు. ధర్మవేత్తలలో ఈ విషయమై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వాటిని తీర్చే అర్హత మాకు లేదు. సంకోచించేవారి మనస్సును నొప్పించే ఉద్దేశమూ లేదు. చరిత్ర ఏమి చెబుతుందో మాత్రం ఆ అమ్మాయికి చెప్పాము. 1580 నుండి 1627 వరకు బిజాపూరును ఏలిన రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా దక్కనీ భాషలో రాగాలను నిర్దేశించి పాటలు రచించి "కితాబె నౌరస్" అనే గ్రంథం చేశాడు. అందులో సరస్వతిని స్మరించాడు. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా నాదస్వరం చేతబట్టి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి బిరుదు పొందారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కాలీషాబీ ఆడపడుచు అన్న సంగతి మా విద్యార్థిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకొన్నది. మన జిల్లాలోనే గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగలో డప్పు మోగితే, అది ఏ మతంవారి చెవికి మోగిందో విడదీసి చెప్పగలవారు ఎవరు?

గొర్రెల కాపరి కొడుకు వేసిన ప్రశ్న మరింత కష్టమైనది. "నేర్చుకోవాలంటే ఎవరి దగ్గరికి పోవాల సార్?" అన్నాడు. దానికి మా వద్ద సమాధానం లేకపోయింది. పురందరదాసు ఏర్పరచినవని చెప్పే సరళీస్వరాలు, జంటస్వరాలు ఐదు శతాబ్దాలుగా దక్షిణాదిని తిరుగుతున్నాయి. అవి ఆ పిల్లవాని బడి గడప తొక్కలేదు. మరునాడు మా పాట విని వచ్చిన ఒక అవ్వ, "పాడతాండారా నాయనా? మా యమ్మ విసుర్రాయి కాడ కూకుంటే పాట దానంతట అదే వస్తాండె" అన్నది. ఇప్పుడు విసుర్రాయి లేదు. దానితోపాటు పాట కూడా వెళ్లిపోయింది. దాని స్థానంలో చేతిఫోను వచ్చింది. అందులో వినడమే గాని పాడడం లేదు.

తాగునీరు లేని ఊరికి సంగీతమెందుకు అని అడిగేవారు ఉంటారు. నీటికే ప్రథమ స్థానమని మేమూ ఒప్పుకొంటాము. కాని నీరు వచ్చేవరకు పాట ఆగవలెనంటే, కరువుసీమ బిడ్డలు తరతరాలుగా మూగవారై ఉండవలసి వస్తుంది. విసుర్రాయి కాడ పాడిన ఆ తల్లి కాలంలోనూ కరువులు వచ్చాయి. తన లోటును తానే పలకగలిగినవాడు ఒకనాటికి దాన్ని నలుగురి ఎదుటా అడగగలడు.

కాబట్టి కళాశాల యాజమాన్యానికీ, సహాధ్యాపకులకూ మా మనవి ఇది. వారానికి ఒక గంట ఉర్దూ, తెలుగు విద్యార్థులను ఒకే గదిలో కూర్చోబెట్టి, స్వరజ్ఞానం కలిగిన వారిచేత ప్రాథమిక పాఠాలు చెప్పించవలెను. ఇష్టం లేనివారిని బలవంతపెట్టరాదు. మాటల ఆటతో సంగీతం రాదు. శ్రుతిని చెవితోనే, గురుముఖంగానే నేర్వవలెను. అయితే తలుపు తీయడానికి ఆట చాలును. ఏడక్షరాలతో వచ్చే తెలుగు, ఉర్దూ, కన్నడ పదాలను విద్యార్థులే సేకరిస్తే, వచ్చే సంవత్సరపు సంచికలో రెండు పుటలకు సరిపోతాయి. ఆ పట్టికలో "పని", "పానీ" పక్కపక్కనే ఉండవలెనని మా కోరిక.

శిబిరం చివరి రాత్రి పిల్లలు ఆరోహణను కలిసి పాడారు. శ్రుతి కుదరలేదు. "ద" దగ్గర కొందరు ముందే ఎక్కారు, కొందరు వెనుకబడ్డారు. అయినా పంచమం నుండి నిషాదానికి వెళ్లేటప్పుడు ఆ రెండు గుంపుల పిల్లలూ ఒకరి ముఖం ఒకరు చూచుకొని నవ్వుకొన్నారు. మరునాడు ఉదయం ఊరి కొళాయి వద్ద బిందెల వరుసలో వారూ నిలబడ్డారు.