పనిముట్లకు రేడియో బిళ్ల

హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై, సూర్యాపేట చేరుటకు ముందు, కొర్లపహాడు వద్ద టోల్ గేటు కలదు. కోదాడ దాటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించిన పిమ్మట చిల్లకల్లు వద్ద మరియొకటి కలదు. ఒకప్పుడచట బండ్లు బారులు తీరి నిలిచెడివి. చిల్లరకై వాదములు చెలరేగెడివి. 2021 ఫిబ్రవరి నడుమ ఫాస్టాగు తప్పనిసరి చేయబడెను. బండి అద్దమునకు అంటించిన బిళ్లను పైనున్న యంత్రము చదువును, సొమ్ము ఖాతానుండి చెల్లును, అడ్డుకర్ర లేచును. ఈ వింతను చూడని బాలుడు ఆ ప్రాంతమున లేడు. ఆ బిళ్లలో నేమున్నదో విచారించినవారు మాత్రము కొందరే.

అందులో బ్యాటరీ లేదు. ఆవగింజకన్న చిన్నదైన చిప్పు, దానికి తోడు పలుచని లోహపు ఏంటెనా, అంతియే. చదువు యంత్రము వెలువరించు రేడియో తరంగములే దానికి ఆహారము. ఆ శక్తిచే అది మేల్కొని, తన సంఖ్యను ఆ తరంగములమీదనే తిరిగి పంపును. ఇట్లు తిరిగివచ్చు తరంగములతో వార్తను చేరవేయవచ్చునని హారీ స్టాక్‌మన్ అను శాస్త్రజ్ఞుడు 1948లోనే వ్రాసెను. బండికి కట్టిన ఈ బిళ్లనే కట్టడములలోని పనిముట్లకును కట్టవచ్చును. పలు దేశములలో కట్టుచున్నారు. మన ప్రాంతపు కట్టడములలోను ఇది రాదగినదే. కాని వచ్చు తీరునుగూర్చి కొంత ఆలోచింపవలసియున్నది.

మిర్యాలగూడ పొలములకు నీరిచ్చు నాగార్జునసాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. అది రాతికట్టడము, యంత్రబలముకన్న మనుష్యుల భుజబలమునే ఎక్కువగా నమ్ముకొని లేచినది. ఉలి, సుత్తి, గడ్డపార, పార, ఇవియే నాటి సంపద. నేడు అదే ప్రాంతమున, దామరచర్ల మండలములోని వీర్లపాలెము వద్ద, ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్ల యాదాద్రి విద్యుత్కేంద్రము నిర్మింపబడినది. అట్టి పనులకేకాక, సూర్యాపేటలో లేచు నాలుగంతస్తుల మేడకును డ్రిల్లింగు యంత్రము, కాంక్రీటును కుదించు వైబ్రేటరు, ఇనుము కోయు యంత్రము, సెంట్రింగు రేకులు కావలెను. ఇందొక్కటి పోయినను కూలివాని పలుదినముల కూలి పోయినట్లే.

పోయినది యజమానిదే. కాని నింద యెవరిపై పడును? సాయంకాలము డ్రిల్లింగు యంత్రము కనబడలేదనుకొనుడు. మేస్త్రి కేకలు వేయును. మొదట అనుమానము ఇతర రాష్ట్రమునుండి వచ్చిన కూలివానిమీదికే పోవును. వానికి భాష రాదు, వానిపక్షమున పలుకువాడు లేడు. శనివారము బట్వాడాలో కొంత సొమ్ము విరుగును. మరునాడు ఆ యంత్రము మూడవ అంతస్తులో సిమెంటు సంచుల వెనుక దొరకవచ్చును. విరిగిన సొమ్ము తిరిగి వచ్చునేమో. దొంగయన్న మాట తిరిగి పోదు. యజమాని లాభముకన్న ఇట్టి నిరపరాధి మానరక్షణకే ఈ బిళ్ల ఎక్కువగా పనికివచ్చును. ద్వారమువద్ద చదువు యంత్రమున్నచో, ఆ పనిముట్టు బయటికి పోలేదని అది సాక్ష్యము చెప్పును. చేతియంత్రము పట్టుకొని అంతస్తులు తిరిగిన, కొన్ని అడుగుల దూరమునుండియే దాని ఉనికి తెలియును.

ఈ సాక్షికిని లోపములున్నవి. ఇనుముమీద నేరుగా అంటించిన మామూలు బిళ్ల మూగబోవును, లోహము తరంగములను చెదరగొట్టును గనుక. నడుమ ప్లాస్టిక్కో పింగాణియో ఉంచి చేసిన గట్టి బిళ్ల కావలెను. దాని వెల కాగితపు బిళ్లకన్న ఎన్నియో రెట్లు. నీరు తరంగములను పీల్చుకొనును; తడి సిమెంటు పూత దట్టముగా పట్టిన బిళ్లను నమ్మరాదు. పెరికివేసిన బిళ్లయు పలుకదు. అన్నిటికన్న ముఖ్యమైనది, పనిముట్టు ద్వారము దాటిన వేళను అది చెప్పునేగాని దాటించిన చేతిని చెప్పలేదు. ఉదయము ఒకని పేర వ్రాసియిచ్చిన యంత్రము మధ్యాహ్నమునకు మరి ముగ్గురి చేతులు మారుట కట్టడములలో నిత్యకృత్యము. కావున బిళ్ల చెప్పినదే తీర్పనుట అన్యాయము. 1936 నాటి వేతన చెల్లింపు చట్టము, పోయిన సామానుకై కూలిలో కోత విధించుటకు ముందు పనివాని సమాధానము వినవలెనని శాసించెను. దాని స్థానమున వచ్చిన 2019 నాటి వేతనాల స్మృతియు ఆ నియమమును నిలిపినది. యంత్రము వచ్చినదని ఈ వినికిడి మానరాదు.

అన్నిచోట్లను ఇది అవసరమా యనిన, కాదు. నలుగురు కూలీలతో చిన్న యిల్లు కట్టు మేస్త్రికి, పనిముట్టుపై రంగుతో వేసిన అంకె, ఒక నోటుపుస్తకము చాలును. తాపీపనివాని తాపీకైతే బిళ్ల యెందుకు? ఏండ్లతరబడి తన అరచేతి ఒరపిడికి అరిగిన పిడిని అతడు చీకటిలోనైనను గుర్తుపట్టును.

కొందరు యజమానులు పనివాని శిరస్త్రాణమునకును బిళ్ల వేయించి, నీళ్లు త్రాగబోయిన నిమిషములను సైతము లెక్కింపగోరుదురు. అగ్నిప్రమాదము నాడు లోపల నెందరున్నారో తెలియుటకు అది ఉపకరించును, అంతవరకు మేలే. కూలి కోయుటకు ఆ లెక్కను వాడినచో పనిముట్టునకును మనుష్యునకును భేదమెక్కడ మిగిలినది?

కావున బిళ్ల వేయించు కాంట్రాక్టరు ద్వారమువద్ద ఒక చిన్న తెరను కూడ పెట్టించవలెను. తన పేర తీసికొన్న సామానేది, ఏ గంటకు తిరిగి చేరినది, తెలుగులోను హిందీలోను దానిపై కనబడవలెను. చదువురానివానికి కంఠధ్వనితో వినబడవలెను. దానిని చూచుకొని, సరియైనదని తృప్తిపడిన పిమ్మటనే కూలివాడు ఇంటికి పోవలెను.