గుడారం సరే, నీళ్ళేవీ?

కల్లూరు ఎస్టేటు నుంచి నలుగురు కుర్రాళ్ళు సంతకాలు చేసి ఒక ఉత్తరం పంపారు. "అన్నా, సినిమావాళ్ళు ఔట్‌డోరు పోతారు గదా, మేమూ పోతాం. మోటారు సైకిళ్ళ మీద, రోడ్డు లేని దారుల్లో. ఓర్వకల్లు, యాగంటి, బెలుం, గండికోట. రెండు రాత్రులు బయటే పడక. ఏమేమి కొనాల్నో రాయండి" అని. కింద జాబితా కూడా ఉంది. గుడారం, నిద్రసంచులు, మడతకుర్చీలు, కాఫీ కాచే యంత్రం, హెల్మెట్టుకు బిగించే కెమెరా! ఇంత చాంతాడు జాబితాలోనూ నీళ్ళ క్యాను లేదు, పంక్చరు సామాను లేదు. మొదట నవ్వొచ్చింది. ప్రయాణం ఎప్పుడా అని చూస్తే ఏప్రిల్ చివర. ఇక నవ్వు రాలేదు.

ఔట్‌డోరు అన్నారు గనక అక్కడి నుంచే వస్తాను. 'బాహుబలి' షూటింగు మొదలైంది మన ఓర్వకల్లు రాళ్ళ మధ్యే, 2013 జూలై 6న. తెర మీద మనకు కనబడేది హీరో, గుర్రాలు, కత్తులు. ఏ ఔట్‌డోరుకైనా తెర మీద కనబడని జనం ఉంటారు. నీళ్ళు మోసేవాళ్ళు, వంట చేసేవాళ్ళు, గొడుగు పట్టేవాళ్ళు, ముందే వెళ్ళి దారి చూసొచ్చేవాళ్ళు. వాళ్ళు లేకపోతే హీరోగారు మధ్యాహ్నం పన్నెండుకల్లా ఇంటికే! ఇంతకీ మీ నలుగురిలో ప్రొడక్షన్ మేనేజరు ఎవరప్పా? అందరూ హీరోలేనా?

నీళ్ళ లెక్క వినండి. ఎండాకాలంలో బండి తోలే మనిషికి తాగడానికే రోజుకు అయిదారు లీటర్లు కావాలి. నలుగురికి ఇరవై పైమాటే. అంటే ఇరవై కిలోల బరువు. దాన్ని ఒకే క్యానులో పోసి వెనకసీటు మీద కట్టారనుకోండి, రాళ్ళ దారిలో నీళ్ళు ఒక పక్కకు ఊగితే బండి ఇంకో పక్కకు పోతుంది. అయిదు లీటర్ల డబ్బాలుగా విడగొట్టి, బండికొకటి రెండు చొప్పున, రెండు వైపులా కిందికి కట్టుకోవాలి. ఊరు కనబడినచోటల్లా మళ్ళీ నింపుకోవాలి. ఉప్పు, చక్కెర కలిపిన పొట్లాలు మందుల షాపులో దొరుకుతాయి, అవి జేబులో ఉండాల. ఎవడైనా తిక్కతిక్కగా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వేళాకోళం కాదు, వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయాల్సిందే. అసలు ఏప్రిల్లో వద్దు. నవంబరు నుంచి జనవరి దాకా ఎప్పుడైనా పోండి. వానల్లోనూ వద్దు. నల్లరేగడి మట్టి మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య ఇరుక్కుంటే చక్రం తిరగదు గాక తిరగదు. పుల్లతో గోక్కుంటూ కూర్చోవాలి.

గుడారం సంగతి. బొమ్మలో పచ్చగడ్డి మీద మేకులు దిగ్గొట్టి చూపిస్తారు. ఓర్వకల్లులో, గండికోటలో మేకు ఎక్కడ దిగుతుంది నాయనా, అంతా బండే! మేకులతో పనిలేకుండా తన కడ్డీల మీద తానే నిలబడే రకం కొనుక్కోండి. తాళ్ళు ఎక్కువ తీసుకుని రాళ్ళకు కట్టండి. లేదా ఒక టార్పాలిన్ పట్ట చాలు. గండికోటలో పెన్న లోయ మూడువందల అడుగుల దాకా లోతు. ఫోటో బాగుంటుందని అంచున గుడారం వేసేవాళ్ళున్నారు. అర్ధరాత్రి నిద్రమత్తులో లేచేవాడికి అంచు ఏదో, నేల ఏదో తెలియదు. వేయనిచ్చేచోట, అంచుకు బాగా దూరంగా వేయండి. తలకు కట్టుకునే లైటు మనిషికొకటి. పొద్దున బూట్లు దులపకుండా కాలు పెట్టొద్దు, తేళ్ళ రాజ్యం అది. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నోటితో పీల్చడం సినిమాల్లో చూసింది చాలు. కాలు కదపనీయకుండా పెద్దాసుపత్రికి చేర్చాలి, అంతే.

ఇక అసలు గొడవ. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు దారులన్నీ నాపరాళ్ళ గనుల దారులు. పగిలిన నాపరాయి అంచు కత్తే. ఇప్పటి అడ్వెంచరు బండ్లలో స్పోకుల చక్రాలున్న వాటికి చాలావరకు టైరు లోపల ట్యూబే ఉంటుంది. అలాంటి దానికి పుల్ల గుచ్చే కిట్టు పనికిరాదు. స్పేరు ట్యూబు, టైరు లివర్లు, గాలి పంపు ఉండాలి. ఒకసారి ఇంటి ముందే విప్పి ఎక్కించి చూడాలి. కొత్త క్లచ్చి వైరును పాతదాని పక్కనే ముందుగా లాగి పెట్టుకుంటే దారిలో పది నిమిషాల పని. ఇసుకలో గాలి కాస్త తగ్గిస్తారు, నిజమే. నాపరాళ్ళ మీద తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి చిరుగుతుంది.

ఉత్తరం చివర ఒక్క వాక్యం నన్ను పట్టేసింది. "నాలుగోవాడిది వాళ్ళ నాయన పాత నూరు సీసీ బండి, వానిని తీసుకపోవాల్నా వద్దా అని మాలో మాట వస్తోంది" అట. సంతకాల్లో ఆ నాలుగోవాడిదీ ఉంది! ఆ వాక్యం చదివే సంతకం పెట్టాడు పాపం.

అబ్బాయిలూ, ఆ గనుల దారుల్లో కూలివాళ్ళు రోజూ టీవీయస్ మోపెడ్ల మీద, వెనక ఒక మనిషిని, గడ్డపారను పెట్టుకుని పోతుంటారు. వాళ్ళెవరూ దాన్ని అడ్వెంచరు అనరు. 'బాబీ' (1973) వచ్చాక రాజ్‌దూత్ చిన్న బండి మీద కుర్రకారు పిచ్చెత్తిపోయింది, అది మాత్రం ఏమంత కొండలెక్కే బండి గనక! తేలిక బండి పడితే ఒక్కడే లేపుకుంటాడు. మీ మూడు లక్షల బండి పడితే ఇద్దరు రావాలి. ఆ ఇద్దరిలో ఒకడు వాడే. వాణ్ణి ముందు పెట్టండి, వాడి వేగమే అందరి వేగం. బరువు మాత్రం మీ బండ్ల మీద వేసుకోండి. కాఫీ యంత్రం డబ్బులతో వాడి బండికి రెండు మంచి టైర్లు వేయించండి. వద్దంటాడు. అయినా వేయించండి.

తిండికి స్టవ్వులూ గిన్నెలూ ఎందుకు? బొరుగులు మోస్తే బరువుండదు. నీళ్ళలో తడిపి పిండి, ఇంట్లో చేసిచ్చిన తిరగమాత కలిపితే ఉగ్గాని. ఆరబెట్టిన జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి రెండ్రోజులు ఢోకా లేదు.

నల్లమలకు మళ్ళుదామనే కోరిక పుడితే చంపుకోండి, అది పులుల అభయారణ్యం, అనుమతి లేని పడక నేరం. నందికొట్కూరు వైపు రోళ్ళపాడు గడ్డిమైదానం చదునుగా ఉండి బండి తోలమని పిలుస్తుంది. అదీ అభయారణ్యమే. బట్టమేక పిట్ట గూడు కట్టదు, ఒకే ఒక గుడ్డు నేల మీదే పెడుతుంది. చక్రం కింద పడ్డాక చెప్పినా ఏం లాభం.

నవంబరులో పొమ్మన్నాను గదా, అప్పుడే శనగ మొలకెత్తి ఉంటుంది. దూరం నుంచి ఖాళీ నేలలాగే కనబడుతుంది. గట్టు మీద మనిషి కనబడితే బండి ఆపి, హెల్మెట్టు తీసి, "పెద్దాయనా, దారి యాడుంది?" అని అడగండి. చూపిస్తాడు. నీళ్ళు కూడా ఇస్తాడు.