కొండచిలువ: మచ్చికా? చెరా?

జంతువులను మచ్చిక చేసుకోవడం మానవ నాగరికతలోని తొలి ఘట్టాలలో ఒకటి. ఆవు పాలిచ్చింది, ఎద్దు దుక్కి దున్నింది, కుక్క గడపకు కాపలా కాసింది. వేల సంవత్సరాలుగా మనిషి నీడన పుట్టి పెరిగిన ఈ ప్రాణులు అతని పిలుపునకు పలికే స్వభావాన్ని సంతరించుకొన్నాయి. ఇటీవలి కాలంలో కొందరి కోరిక ఈ హద్దును దాటింది. భారీ కొండచిలువలను అద్దాల పెట్టెలలో ఉంచి పెంచడం, వాటిని మెడలో వేసుకొని ఫోటోలు తీయించుకోవడం పాశ్చాత్య దేశాలలో ఒక వ్యాసంగమైంది. సెల్‌ఫోన్ తెరపై ఆ దృశ్యాలను చూసిన మన యువకులలో కొందరికి కూడ ఆ ముచ్చట పుట్టవచ్చు. ఆ ముచ్చట తగినదేనా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఈ ప్రశ్న దూరదేశాలకు మాత్రమే చెందినది కాదు. ఎన్టీఆర్ జిల్లాలోని ఇబ్రహీంపట్నాన్నే గమనిద్దాం. ఒకవైపు అడవి కప్పుకొన్న కొండపల్లి కొండలు, మరొకవైపు కృష్ణానది, ఆ రెంటి నడుమ థర్మల్ విద్యుత్ కేంద్రం, జాతీయ రహదారులు, నానాటికీ విస్తరిస్తున్న ఇండ్లు. కొండ, నీరు, పొద, పొలం చేరువగా ఉన్న ఇటువంటి నేల కొండచిలువకు అనువైనది. పొలం గట్టునో, చేపల చెరువు ఒడ్డునో అది కనబడినప్పుడు మనుషులు రెండు విధాలుగా ప్రవర్తిస్తారు. భయపడినవాడు కర్ర అందుకొంటాడు. ముచ్చటపడినవాడు గోనెసంచి అందుకొంటాడు. మొదటివాని తప్పు అందరికీ తెలిసినదే. రెండవవాని తప్పు ప్రేమ అనే ముసుగులో ఉంటుంది కనుక తేలికగా బయటపడదు.

చట్టం దృష్టిలో ఇద్దరూ దోషులే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశపు కొండచిలువకు మొదటి షెడ్యూలులో స్థానం కల్పించింది. పులికి, ఏనుగుకు ఉన్న రక్షణే దీనికీ ఉన్నది. ఆ చట్టం ప్రకారం చంపడమే కాదు, పట్టుకోవడమూ వేటగానే పరిగణింపబడుతుంది. 2022లో చేసిన సవరణ తరువాత ఈ నేరానికి 3 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష, కనీసం 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. అయితే శిక్షాభయం చేత మాత్రమే విడిచిపెట్టేవాడు కొండచిలువను అర్థం చేసుకొన్నవాడు కాడు. చట్టానికి వెనుక ఉన్న న్యాయాన్ని తెలుసుకోవాలి.

కొండచిలువ విషసర్పం కాదు. ఎరను చుట్టి, బిగించి, రక్తప్రసరణను నిలిపివేసి చంపి, ఆపై మ్రింగుతుంది. దాని పెదవుల అంచున ఉన్న చిన్న గుంటలు చీకటిలో సైతం ఎర శరీరపు వేడిని పసిగట్టగలవు. ఒకసారి కడుపునిండా తింటే చాలాకాలం ఆహారం లేకుండ ఉండగలదు. ఆడ కొండచిలువ గ్రుడ్లు పెట్టి, వాటిని తన శరీరంతో చుట్టుకొని, కండరాలను అదిలిస్తూ వెచ్చదనాన్ని కల్పిస్తుంది. చలనం లేనట్లు కనబడే ఆ ప్రాణిలో ఇంతటి మాతృత్వం దాగి ఉన్నది. పందికొక్కుల వంటి వాటిని తిని రైతుకు మేలు చేసే గుణమూ దానికున్నది. ఇవన్నీ బయలులో, తన వేళకు, తన వేటతో సాగే జీవితానికి సంబంధించిన గుణాలు. అద్దాల పెట్టెలో వీటిలో చాలావాటికి చోటు లేదు.

మన పూర్వులు కొండచిలువను ఎరుగనివారు కారు. భాగవతంలో అవధూత తనకు గురువులైన ఇరువది నలుగురిలో దానినీ చేర్చాడు. తన వద్దకు వచ్చినదానితో తృప్తిపడే గుణాన్ని దాని నుండి నేర్చుకొన్నాడు. భారతంలో నహుషుని కథ మరింత ఆలోచింపజేస్తుంది. ఇంద్రపదవిని పొందిన నహుషుడు మహర్షుల చేత తన పల్లకి మోయించుకొన్నాడు. అగస్త్యుని శాపంతో కొండచిలువయై అడవిలో పడి, భీముని చుట్టివేసి, చివరకు ధర్మరాజు చెప్పిన సమాధానాల వల్ల విముక్తుడయ్యాడు. లొంగదీయరాని వారిని లొంగదీసి వాహకులుగా చేసుకోవడమే అతని పతనానికి కారణం. అడవిలో స్వేచ్ఛగా తిరగవలసిన ప్రాణిని మెడలో హారంగా ధరించి మురిసేవాడు ఈ కథను మరొకసారి చదువుకోవాలి.

పెంపకాన్ని సమర్థించేవారి వాదనలోనూ కొంత నిజం లేకపోలేదు. దగ్గరగా చూస్తే భయం పోతుందని, భయం పోతే పాములను చంపడం తగ్గుతుందని వారు అంటారు. చెరలోనే పుట్టిన విదేశీ జాతులను కొంటే మన అడవికి నష్టమేమిటని ప్రశ్నిస్తారు. అజ్ఞానపు భయం ఎన్నో పాములను బలిగొన్న మాట నిజం. అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోని విదేశీ జాతులను ఉంచుకొనేవారు వాటిని నమోదు చేయించాలని 2024లో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. కాని నమోదు వేరు, ఔచిత్యం వేరు. రెండడుగుల పిల్లగా ఇంట్లోకి వచ్చిన బర్మా కొండచిలువ పదిహేను అడుగులకు మించి పెరగవచ్చు. ఇరవై ఏండ్లకు పైగా జీవించవచ్చు. ఇంటరు చదివే వయసులో పుట్టిన ముచ్చటకు నడివయసు వరకు కాపలా కాయవలసి వస్తుంది. పైగా మనిషి చేతిని సహించడం వేరు, మనిషి తోడును కోరడం వేరు. కొండచిలువ సహిస్తుందే కాని, కుక్కవలె మనిషిని ఆశ్రయించి బ్రతికే స్వభావం దానికి లేదు. 2013 ఆగస్టులో కెనడాలోని క్యాంప్‌బెల్టన్ పట్టణంలో, గదిలో నుండి తప్పించుకొన్న ఒక ఆఫ్రికా కొండచిలువ నిద్రిస్తున్న ఇద్దరు బాలురను బలిగొన్నది. దానిని క్రూరత్వం అనలేము. అది తన స్వభావానుసారం ప్రవర్తించింది. దానిని మనుషులు నిద్రించే ఇంట్లోకి తెచ్చినది మనిషే.

అమెరికాలోని ఫ్లోరిడా అనుభవం మరొక హెచ్చరిక. పెంపకం కోసం తెచ్చిన బర్మా కొండచిలువలు కొన్ని తప్పించుకొని, కొన్ని యజమానులు విసుగుచెంది వదలివేయగా అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలలకు చేరాయి. 1992లో వచ్చిన ఆండ్రూ తుఫాను ఒక పెంపక కేంద్రాన్ని ధ్వంసం చేయడం కూడ వాటి వ్యాప్తికి తోడ్పడిందంటారు. 2012లో వెలువడిన ఒక పరిశోధనలో, రక్కూన్ అనే జంతువు కనబడటం అక్కడ 99 శాతానికి పైగా తగ్గినట్లు తేలింది. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం ఆ పాముల దిగుమతిని నిషేధించింది. 2013 నుండి వాటిని పట్టేందుకు ఫ్లోరిడాలో పోటీలే పెట్టవలసి వచ్చింది.

కృష్ణా డెల్టావాసులకు ఈ కథ పరాయిది కారాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను, 2024 సెప్టెంబరులో విజయవాడ కాలనీలను ముంచెత్తిన బుడమేరు వరదను ఈ నేల చూసింది. మనుషులే ప్రాణాలు దక్కించుకోవడానికి మిద్దెలెక్కిన వేళ అద్దాల పెట్టెను కాపాడేదెవరు? నీరు తీసిన తరువాత ఆ విదేశీ సర్పాలు ఏ కాలువలో, ఏ చేపల చెరువులో స్థిరపడతాయో చెప్పగలవారెవరు? వరదల నడుమ బ్రతికే ప్రాంతంలో ఈ పెంపకం ఒక ఇంటి సొంత వ్యవహారం కాజాలదు. దాని ఫలితాన్ని ఊరంతా అనుభవించవలసి వస్తుంది.

అట్లని కొండచిలువను ప్రేమించవద్దని కాదు. ప్రేమించే పద్ధతి నేర్చుకోవాలి. కనబడినప్పుడు దూరంగా నిలిచి, గుంపును అదుపు చేసి, అటవీశాఖకు కబురు చేయడం ప్రేమే. దాని జీవనవిధానాన్ని చదివి, కర్ర ఎత్తిన పొరుగువానికి వివరించడం ప్రేమే. హైదరాబాదులోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థలు జనావాసాలలోకి వచ్చిన పాములను పట్టి సురక్షితంగా అడవికి చేరుస్తున్నాయి. పామును చేతబట్టే నేర్పు ఉండికూడ దానిని తమవద్ద ఉంచుకోకపోవడంలోనే వారి గొప్పతనమున్నది.

ఆ కొండల ప్రక్కనే కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కొయ్యతో ఏనుగు అంబారీని, దశావతారాలను తీర్చిదిద్దుతారు. ఆ బొమ్మలు ఇంటింటా కొలువుదీరుతాయి. మన ముచ్చట తీర్చడానికే అవి పుట్టాయి. కొండచిలువ అందుకు పుట్టలేదు. బొమ్మకు, ప్రాణికి గల ఈ భేదాన్ని గుర్తించిన విద్యార్థి చట్టం చెప్పకముందే గోనెసంచిని ప్రక్కన పెడతాడు.