ఎవరి పేరు లేదో అడగనివ్వండి

నవంబరు వచ్చిందంటే ఇంగ్లండులో మన పిల్లల కోట్ల మీద, యుద్ధాల్లో పోయినవాళ్ల గుర్తుగా, ఎర్ర పాపీ పూలు కనిపిస్తాయి. హైస్కూలు పిల్లలున్న ఇళ్లలో బెల్జియం ప్రయాణం మాట కూడా వినిపిస్తుంది. అక్కడి ఈప్ర్ ఊళ్లోని మెనిన్ గేట్ గోడల మీద, మొదటి ప్రపంచ యుద్ధంలో సమాధికైనా నోచుకోని 54 వేల మందికి పైగా సైనికుల పేర్లున్నాయి. వాటిలో భారతీయులవీ ఉన్నాయి. జర్మన్ల ఆక్రమణ కాలం మినహాయిస్తే, 1928 నుంచి రోజూ రాత్రి ఎనిమిది గంటలకు అక్కడ బ్యూగిల్ ఊదుతూనే ఉన్నారు.

ఈ ప్రయాణాల్లో మెచ్చుకోవాల్సింది ముందస్తు తయారీ. చాలా బళ్లలో, బయల్దేరక ముందే పిల్లలకు తలా ఒక పేరు అప్పగిస్తారు. తమ ఊరి నుంచి వెళ్లి తిరిగిరాని సైనికుడెవరో చదువుకుని, అక్కడికెళ్లాక ఆ పేరును గోడ మీద వెతుక్కుంటారు.

ఇంగ్లండు రాకముందు సింగరాయకొండ చుట్టుపక్కల చదువుకున్న మనకు యుద్ధ స్మారకమంటే విశాఖపట్నమే. రాత్రి రైలెక్కడం, తెల్లారి దిగి సింహాచలం, కైలాసగిరి చూడడం, సాయంత్రానికి ఆర్కే బీచిలో కురుసుర. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో రిటైరైన జలాంతర్గామి అది. మరుసటేడు ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. తొంభై మీటర్ల పొడవున్నా లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు ఒత్తిగిల్లాల్సిందే. గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి, ముందు కాలు పెట్టి దూరాలి. పడకలు, పైపులు, మీటర్లు అన్నీ ఒకదాని మీద ఒకటి. నేవీలో పనిచేసి వచ్చిన గైడు ఓపిగ్గా వివరిస్తుంటాడు. వెనక నుంచి మాస్టారు "కదలండి, కదలండి, లైను ఆగిపోయింది" అంటుంటారు. బయటపడ్డాక 'విక్టరీ ఎట్ సీ' స్తూపం దగ్గర గ్రూప్ ఫొటో, ఆ తర్వాత మొక్కజొన్న కంకులు. ఎక్స్‌కర్షన్ అయిపోయింది.

ఆ స్తూపం దగ్గరే పిల్లల్ని ఒక అరగంట కూర్చోబెడితే చెప్పడానికి ఎంతో ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ, ఆ ఎదుటి సముద్రంలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని మన నౌకాదళం అంటుంది. ప్రమాదవశాత్తు జరిగిన పేలుడే కారణమని పాకిస్తాన్ అంటుంది. ఒకే రాత్రికి రెండు కథనాలు. ఏది నమ్మాలి, ఎందుకు నమ్మాలి అని తొమ్మిదో తరగతి పిల్లలను అడిగి చూడండి. పాఠ్యపుస్తకం నేర్పనిది అక్కడ నేర్చుకుంటారు. అడుగున ఉండిపోయినవాళ్లకూ అమ్మానాన్నలు ఉన్నారన్న సంగతీ తడుతుంది.

నిజానికి యుద్ధం ఆనవాళ్ల కోసం విశాఖ దాకా కూడా పోనక్కర్లేదు. మన పక్కనున్న కందుకూరు పేరు క్రీ.శ. 848 నాటి అద్దంకి శాసనంలో ఉంది. గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలను పట్టి, కట్టెపుదుర్గాన్ని నేలమట్టం చేసి, కందుకూరును బెజవాడంతటి ఊరును చేశాడని అందులోని తరువోజ పద్యం చెబుతుంది. తెలుగు పద్యానికి తొలినాళ్ల సాక్ష్యమని మనం గర్వంగా చెప్పుకుంటాం. గెలిచినవాడు చెక్కించిన రాయి అది. కొట్టాలు పోగొట్టుకున్న బోయల మాట దాని మీద లేదు.

అద్దంకి దాటి పల్నాడులోకి వెళితే నాగులేటి ఒడ్డున కారంపూడి. నలగాముడు, మలిదేవుడు దాయాదులై పన్నెండో శతాబ్దంలో తలపడిన చోటు. అక్కడి వీరుల గుడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు జరుగుతాయి. వీరుల ఆయుధాలను కొణతాలని మొక్కుతారు. ఈ కథలో మాల కన్నమదాసు సేనాని. కులాలన్నీ ఒకే చాప మీద కూర్చుని తిన్న చాపకూడూ ఇందులోదే. ఊళ్లోని మామూలు జనం ఎనిమిది వందల ఏళ్లకు పైగా నిలుపుకుంటూ వస్తున్న స్మారకం ఇది. పాపీ పూలు పెట్టుకునే నెలకు అటూ ఇటూగానే వస్తుంది. మన పిల్లల్లో దీన్ని చూసినవాళ్లు ఎందరు?

స్మారకం దగ్గర పిల్లలు మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడ ఎవరి పేరు లేదు? ఈ ప్రశ్న లేకపోతే ఈప్ర్ అయినా విశాఖ అయినా పిక్నిక్కే.

కాబట్టి పాఠకులకు నాలుగు విన్నపాలు. మీ పిల్లల బడి బెల్జియం వెళ్తుంటే, ఫ్రాన్సులోని నవ్ షాపెల్‌కు కూడా బస్సు తిప్పమని టీచర్లను అడగండి. సమాధుల జాడ తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు అక్కడ ఉన్నాయి. శీతాకాలం సెలవుల్లో ఊరెళ్తే ఒక రోజు కారంపూడికి కేటాయించండి. సొంతూరి హైస్కూలుకు ఏటా బెంచీలు, కంప్యూటర్లు ఇస్తున్నవాళ్లు ఈసారి కారంపూడికి ఒక బస్సు కిరాయి కూడా భరించండి. వెళ్లేముందు పిల్లలకు ఆ చరిత్ర చెప్పే మాస్టారికి కాస్త సమయం ఇవ్వమని హెడ్‌మాస్టారిని కోరండి.