క్లచ్ జారుతోందా? ఇంజన్ విప్పించే ముందు మీరే చూడండి



రెజిమెంటల్ బజార్ చుట్టుపక్కల రూముల్లో ఉండి, పగలు కాలేజీ, సాయంత్రం బండి మీద డెలివరీలు చేసే తమ్ముళ్ల కోసం ఈ పోస్ట్. రేస్ ఇస్తే ఇంజన్ అరుస్తది, బండి మాత్రం లాగదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంకా బాగా తెలుస్తది. అదే క్లచ్ స్లిప్. వెంటనే బండి షెడ్డులో వదిలి, మెకానిక్ ఏం చెప్తే దానికి తలూపుతాం. ఈ తలూపుడు మనం మానుకోవాలి.

మెకానిక్ అన్నలంతా మోసం చేస్తారని కాదు. కానీ మనకు అడగడం తెలియకపోతే, కేబుల్ సర్దితే పోయే పనికి కూడా ప్లేట్లు మార్పించుకుంటాం. బండి షెడ్డులో ఉన్న రోజు కూలీ కూడా పోయినట్టే.

క్లచ్ లోపలి ప్లేట్లను స్ప్రింగులు గట్టిగా నొక్కి పట్టుకుంటాయి. లివర్ నొక్కితే విడిపోతాయి. కేబుల్ మరీ టైట్‌గా ఉంటే, మనం నొక్కకపోయినా ప్లేట్లు పూర్తిగా పట్టవు. జారి, వేడెక్కి, అరిగిపోతాయి.

అందుకే వరుసగా చూడండి.

1. ప్లే: చాలా మామూలు బైకులకు లివర్ కొన దగ్గర 10 నుంచి 20 మి.మీ. లూజ్ ఉండాలి. మీ బండి కొలత దాని బుక్కులో ఉంటది. లూజ్ అసలు లేకపోతే స్లిప్. ఎక్కువైతే గేరు గట్టిగా పడతది, న్యూట్రల్ దొరకదు, క్లచ్ పట్టినా బండి ముందుకు పాకుతది.

2. కేబుల్: తుప్పు పట్టిందా, పోగులు తెగాయా చూడండి. లివర్ వదిలితే టక్కున వెనక్కి రావాలి.

3. ఆయిల్: చాలా బైకుల్లో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటది. కారు ఆయిల్ పోస్తే ప్లేట్లు జారొచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూసి కొనండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా జారుతుంటే, అప్పుడు ప్లేట్ల సంగతి. పాత ప్లేట్ల మందం కొలిచి చూపించమనండి. స్ప్రింగులు కూడా చూడమనండి. కొత్త ప్లేట్లను ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టి వేయమనండి. రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో రేటు ముందే కనుక్కోండి. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద నడిపే అలవాటు మాత్రం మనమే మానుకోవాలి.

ఇది పట్నం పని ఒక్కటే కాదు. మన గూడేల్లో జ్వరమొచ్చిన మనిషిని దవాఖానకు చేర్చేది చాలాసార్లు బైకే. పాడేరు ఘాట్‌లోనో, మారేడుమిల్లి ఘాట్‌లోనో రాత్రిపూట క్లచ్ పోతే పక్కన షెడ్డు ఉండదు.

గ్రూప్-2 నోట్స్ పంచుకున్నట్టే ఈ పని కూడా పంచుకుందాం. తెలిసిన సీనియర్లు ఒక ఆదివారం హాస్టల్ ముందు బండి స్టాండ్ వేసి చూపించండి. చెల్లెళ్లను కూడా పిలవండి. బండి వాళ్లూ నడుపుతున్నారు.