జీతం లేని శిక్షణకు ఎవరి బిడ్డలు పోగలరు?

సూరత్ నగరంలో తపాలా శాఖలో పనిచేస్తున్న మన సోదరుడొకరు గత మాసంలో మాకొక కాగితం పంపి సలహా కోరారు. ఆయన కుమార్తె చరిత్రలో పట్టభద్రురాలు. వేరొక మహానగరంలోని కళా మ్యూజియం వారు మూడు మాసాల ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తులు కోరుతూ ఇచ్చిన ప్రకటన అది. భృతి లేదు, వసతి లేదు, లాప్‌టాప్ ఎవరిది వారే తెచ్చుకోవాలి. ఆంగ్లంలో 500 మాటల వ్యాసం, ఇద్దరి సిఫారసు లేఖలు జతపరచాలి. చివరలో ఒక ప్రమాణపత్రం ఇస్తారు. “అమ్మాయికి ఆశగా ఉన్నది, నాకే ధైర్యం చాలడం లేదు” అని ఆయన వ్రాశారు.

వేతన సంఘం, పాత పెన్షన్, ఖాళీల భర్తీ వంటి సమస్యలుండగా సంపాదకీయానికి ఇదొక విషయమా అని కొందరు మిత్రులు అడుగుతారని ఎరుగుదుము. వేతనం లేకుండా పని చేయించుకోవడం ఎక్కడ జరిగినా అది యూనియన్‌కు సంబంధించిన విషయమే. పైగా ఈసారి ఆ పనికి పోదలచినది మన ఇంటి బిడ్డ.

ఆ కుటుంబం సూరత్‌కు ఎట్లు చేరినదో చెప్పిన తప్ప ఈ దరఖాస్తు విలువ తెలియదు. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి పద్మశాలీ కుటుంబాలు చేతిమగ్గం కూడు పెట్టక సూరత్, భివండి, షోలాపూర్ బాట పట్టడం పాత కథ. సూరత్‌లో లింబాయత్ ప్రాంతంలో తెలుగు వినబడని వీధి అరుదు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నది. ఈ అమ్మాయి తాత వరంగల్లు వైపు నుండి వచ్చి సాంచాలపై రెండు షిఫ్టులు పనిచేసినవాడు. తండ్రి పరీక్ష వ్రాసి తపాలా శాఖలో చేరాడు. మూడవ తరం మ్యూజియం గడప తొక్కాలనుకుంటున్నది.

నిజానికి మ్యూజియంకు ఆ ఇల్లు కొత్త కాదు. ఆంగ్లేయులు మచిలీపట్నంలో 1611లోను, వెనువెంటనే సూరత్‌లోను వర్తక స్థావరాలు తెరిచినది మన బట్ట కొరకే. కోరమాండల్ తీరపు అద్దకపు వస్త్రాలు నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నవి. సూరత్‌కు నాలుగైదు గంటల ప్రయాణ దూరంలో, అహమ్మదాబాదులో 1949లో స్థాపించిన కాలికో మ్యూజియం కేవలం వస్త్రాల కొరకే ఉన్నది. సూరత్‌లోనే 1890లో వించెస్టర్ మ్యూజియంగా మొదలై సర్దార్ పటేల్ పేరు పొందిన ప్రదర్శనశాల ఉన్నది. కంచి, ధర్మవరం, గద్వాల చీరల అంచులలో మెరిసే జరీలో చాలా భాగం ఈ ఊరిదే. నేసినవాని బట్ట అద్దాల బీరువాలోనికి పోయినది. నేసినవాని మనుమరాలు లోనికి పోవాలంటే మూడు మాసాల గది అద్దె ముందుగా చూసుకోవలసి వస్తున్నది.

ఇక ఆ ప్రకటనలో చెప్పిన పని చూడండి. వస్తువులకు నమోదు సంఖ్యలు వేయడం, రిజిస్టరులోని పాత వివరాలను కంప్యూటరులోనికి ఎక్కించడం, ఛాయాచిత్రాలు తీయడం, పాఠశాల పిల్లలకు గదులు చూపించడం. వారానికి ఐదు రోజులు, రోజుకు ఏడు గంటలు. నేర్పేవారెవరో ఒక్క మాట లేదు. గుమాస్తాల ఖాళీలు నింపక ఉన్నవారి నెత్తిన పని రుద్దడం మన శాఖలలో మనకు సుపరిచితమే. ఖాళీ కుర్చీలో విద్యార్థిని కూర్చుండబెట్టి దానికి శిక్షణ అని పేరు పెట్టడం అందులో మరొక మెట్టు.

రైల్వే వర్క్‌షాపులలో యాక్ట్ అప్రెంటిస్‌ల సంగతి మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థియే గాని కార్మికుడు కాడు. ఆ సెక్షన్‌పై మనకున్న అభ్యంతరాలు ఎన్నోసార్లు వ్రాశాము. అయినా ఆ చట్టమే అప్రెంటిస్‌కు స్టైపెండ్ ఇచ్చి తీరాలంటున్నది. 2019లో సవరించిన నిబంధనలు పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు 9,000 రూపాయలు కనీసంగా నిర్ణయించినవి. ఇంటర్న్‌షిప్ అని పేరు మార్చగానే ఆ కనీసం కూడా ఎగిరిపోతున్నది.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఉన్నది కదా అని ఒక మిత్రుడన్నారు. 2024లో ప్రకటించిన ఆ పథకంలో నెలకు 5,000 రూపాయలు ఇస్తామన్నారు. అయితే అది పెద్ద కంపెనీలకు సంబంధించినది. అంతకంటె ముఖ్యంగా, తలిదండ్రులలో ఎవరైనా శాశ్వత ప్రభుత్వోద్యోగి అయితే అభ్యర్థి అనర్హుడని 2024 నాటి నిబంధనలలోనే ఉన్నది. ట్రాక్‌మన్ కుమారునికీ, పోస్ట్‌మన్ కుమార్తెకూ తలుపు మూసినట్లే. ప్రభుత్వ జీతం తెచ్చే ఇంట అందరూ సంపన్నులేనని లెక్క వేసినవారు ఏ క్వార్టర్స్‌లో కాపురముంటున్నారో!

విదేశాలలోనూ ఈ రోగం ఉన్నది, కాని మందు వెదకడం అక్కడ మొదలయింది. అమెరికాలో గెట్టీ సంస్థ 1993 నుండి లాస్ ఏంజెలస్ ప్రాంతపు మ్యూజియంలలో విద్యార్థులకు భృతితో కూడిన ఇంటర్న్‌షిప్‌లు నడుపుతున్నది. కళా మ్యూజియంల డైరెక్టర్ల సంఘం 2019లో, ఇంటర్న్‌లకు వేతనం ఇవ్వాలని సభ్య సంస్థలకు తీర్మానపూర్వకంగా పిలుపునిచ్చింది. భృతి లేకపోతే కలవారి పిల్లలు మాత్రమే వస్తారని డైరెక్టర్లకే తోచినప్పుడు, కార్మిక సంఘాలకు తోచకపోవడం మనకు గౌరవం కాదు. చిన్న మ్యూజియంలకు నిధులు లేవన్న మాటలో కొంత నిజమున్నది. నిజంగా కూర్చుండబెట్టి నేర్పే పెద్దలు అక్కడ లేకపోలేదు. నిధులు లేనివారు పని గంటలు తగ్గించవచ్చు, నేర్పే గంటలు పెంచవచ్చు.

మ్యూజియంలు మన శాఖలకూ ఉన్నవి. ఢిల్లీ చాణక్యపురిలో 1977లో ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియం, 1979 నాటి మైసూరు రైల్వే మ్యూజియం, డాక్ భవన్‌లోని ఫిలాటెలిక్ మ్యూజియం. వీటిలో ఏ విద్యార్థి చేతనైనా భృతి లేకుండా పని చేయించరాదని మా కోరిక. ఇది జె.సి.ఎం. పరిధిలోనికి రాదని అధికారులు అనవచ్చు. సరే, రైల్వేలో స్టాఫ్ బెనిఫిట్ ఫండ్, తపాలాలో స్టాఫ్ వెల్ఫేర్ బోర్డు మన సంక్షేమానికే ఉన్నవి కదా. కళాశాల చదువుకు సాయం చేయగలిగినవి, మ్యూజియంలోనో గ్రంథాలయంలోనో మూడు మాసాల శిక్షణకు పోయే బిడ్డకు అద్దె సాయం చేయలేవా? రైల్వే కుటుంబానికి పాసు ఉండవచ్చు. పాసుతో రైలు ఎక్కగలము గాని, హాస్టలు యజమాని పాసు పుచ్చుకోడు.

సూరత్ సోదరునికి మేమిచ్చిన సలహా ఏమనగా, అమ్మాయి దరఖాస్తు చేసి తీరాలి. ఆమె మొదట వ్రాసిన వ్యాసం చదివాము. బాల్యం నుండి కళలయందు అమితాసక్తి కలదంటూ మొదలైన ఆ వ్యాసం ఎవరు వ్రాసినా అట్లే ఉంటుంది. కొట్టివేయమన్నాము. తాత గుడ్డను వేళ్లతో తడిమి పడుగెంత, పేకెంత చెప్పడం, తెగిన పోగును సాంచా ఆగకముందే పట్టుకోవడం, జరీలో మేలు నాసి తేల్చడం ఆమె చూసినవే. అది వ్రాయమన్నాము. ఆంగ్లం సాదాగా ఉన్నా నష్టం లేదు. సిఫారసుకు శాసనసభ్యుని కొరకు పరుగెత్తవద్దని, ఆమె పరీక్ష పత్రాలు దిద్దిన అధ్యాపకుని లేఖే మేలని చెప్పాము. దరఖాస్తుకు ముందుగా మ్యూజియంకు ఒక లేఖ వ్రాసి, నేర్పేదెవరు, గంటలు తగ్గించే వీలున్నదా, భృతిగాని వసతిగాని ఏర్పాటు చేయగలరా అని అడగమన్నాము. అడిగితే పేరు తీసివేస్తారేమోనని తండ్రి భయం. యూనియన్ సభ్యత్వం తీసుకున్న మొదటి రోజున ఆయనకు ఇదే భయం ఉండి ఉంటుంది.

లేఖ పోయినది, జవాబు రాలేదు. గడువుకు పది రోజులున్నవి. అక్కడి మన శాఖ సోదరులు గది అద్దెకు చందా మొదలుపెట్టారు. మంచి మనసుతో చేసిన పని, కాని ప్రతి బిడ్డకు చందా ఎత్తలేము. అందుచేత మీ శాఖలలో ఇట్టి శిక్షణకు దరఖాస్తు చేసినవారు, ఖర్చుకు వెరచి మానుకున్నవారు ఎందరో, ప్రకటనల నకళ్లతో సహా కేంద్ర కార్యాలయానికి పంపవలసినదిగా శాఖా కార్యదర్శులను కోరుతున్నాము. సంక్షేమ నిధుల వారి ముందు ఆ కాగితాలే పెడతాము.