మరమ్మతే పరిహారమా?

క్రొత్త కారు కొనిన గృహస్థుడు నెల తిరుగకముందే దానిని సర్వీసు సెంటరునకు తీసికొనిపోయి, వారము దినములకు ఇంటికి తెచ్చుకొని, నడిరోడ్డున అది మఱల ఆగిపోగా అదే ఫిర్యాదుతో అచ్చటికే పోయి, ఈ విధముగా తన సెలవులను, తన సొమ్మును, తన మనశ్శాంతిని ధారవోయుచున్నప్పుడు, లోకము అతనికి చెప్పు ఓదార్పు ఒక్కటే. యంత్రమన్న తరువాత చెడకుండునా? చెడినప్పుడు బాగుచేసి యిచ్చుచున్నారు గదా? వారంటీ యున్నంతకాలము చేతి డబ్బు పోవుట లేదు గదా? ఒక్క భాగము చెడినంతమాత్రమున బండి మొత్తము మార్చుమనుట అత్యాశ కాదా? ఈ మాట ఇరుగుపొరుగువారి నోట మాత్రమే వినబడినచో ఉపేక్షింపవచ్చును. కాని న్యాయశాస్త్రము చదివినవారిలోను, వ్యాపారమును ఎఱిగినవారిలోను పెక్కుమంది దీనినే తిరుగులేని ధర్మముగా గ్రహించుచున్నారు. పదే పదే చెడు కారు విషయమున మరమ్మతు పరిహారము కాజాలదనియు, అట్టి కారును వెనుకకు తీసికొని సొమ్ము చెల్లించు బాధ్యతను స్పష్టమైన లెక్కలతో తయారీదారుపై మోపు శాసనము మన దేశమునకు అత్యవసరమనియు నా నిశ్చితాభిప్రాయము.

మరమ్మతు వాదులకు పెద్ద అండ మన సుప్రీంకోర్టు 2006లో ఒక వాహన వివాదమున వెలువరించిన తీర్పు. వారంటీ పత్రములో తయారీదారు వాగ్దానము చేసినది లోపమున్న భాగమును మార్చుటయే కాని వాహనమునే మార్చుట కాదని ఆ తీర్పు సారాంశము. ఉన్న ఒప్పందమును ఉన్నట్లు చదివిన న్యాయస్థానమును నేను తప్పుపట్టను. లేని శాసనమును వ్రాయుట న్యాయమూర్తుల పని కాదు. కాని ఆ ఒప్పందమును వ్రాసినవాడెవడు? షోరూములో తాళపుచెవి అందుకొను క్షణమున చిన్న అక్షరముల పుస్తకముగా చేతికి వచ్చు ఆ పత్రములో ఒక్క వాక్యమునైనను మార్పించుకొనగల స్వాతంత్ర్యము కొనువానికి కలదా? తన బాధ్యతకు తానే హద్దులు గీచుకొన్న పక్షము, ఆ హద్దులనే ప్రమాణముగా చూపుచుండగా, వానిని పరస్పర సమ్మతితో ఏర్పడిన ఒడంబడికగా భావించుట ఎంతవరకు సమంజసము?

"చట్టము లేకపోవుటేమి? వినియోగదారుల రక్షణ చట్టమున్నది గదా" యని మఱికొందఱందురు. ఉన్నమాట నిజము. 1986 నాటి చట్టమునకు బదులుగా 2019లో చేయబడి, 2020 జూలై 20 నుండి అమలునకు వచ్చిన నూతన చట్టములోని 39వ సెక్షను, లోపమును సరిచేయుమని గాని, వస్తువును మార్చుమని గాని, మూల్యమును తిరిగి యిమ్మని గాని ఆజ్ఞాపించు అధికారమును వినియోగదారుల కమిషన్లకు ఇచ్చుచున్నది. ఐనను ఆ పరిహారమును చేరుటకు దాటవలసిన గడప యొకటి కలదు. ఆ గడప పేరు "మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్". బండి చెడినదని చూపిన చాలదు. అది కర్మాగారములోనే పుట్టిన లోపమని నిపుణుని సాక్ష్యముతో కొన్నవాడు రుజువు చేయవలెనని ప్రతివాదులు పట్టుబట్టుదురు, పెక్కు కేసులు అచ్చటనే కూలుచున్నవి. 38వ సెక్షను ప్రకారము ప్రయోగశాల పరీక్షకు పంపవలసినచో ఆ రుసుమును ముందుగా ఫిర్యాదుదారుచేతనే కట్టించుకొనవచ్చును. ఫిర్యాదును 3 నెలలలో, పరీక్ష అవసరమైనచో 5 నెలలలో తీర్చుటకు యత్నింపవలెనని ఆ సెక్షనే చెప్పుచున్నది. కాని జిల్లా కమిషను నుండి రాష్ట్ర కమిషనునకు, అచ్చటి నుండి జాతీయ కమిషనునకు ప్రాకు వివాదములకు ఎన్ని సంవత్సరములు పట్టుచున్నవో ఆ మెట్లెక్కినవారందఱు ఎఱుగుదురు.

ఇంతకును ఆ రుజువు సాధ్యమేనా? నేటి కారు కేవలము ఇనుప యంత్రము కాదు. ఇంజనును, గేరుబాక్సును, బ్రేకులను నడిపించునవి చిన్న చిన్న కంప్యూటర్లు. వానిలోని రహస్యములను చదువు పరికరములు, సాఫ్ట్‌వేరు, కర్మాగారపు దస్త్రములు అన్నియు తయారీదారు స్వాధీనమున నుండును. లోపమైనను ఎల్లప్పుడు దర్శనమిచ్చునా? ఎండలో గంటసేపు నడచిన తరువాత ఆగిపోవు ఇంజను, సర్వీసు సెంటరు నీడలో పది నిమిషములు త్రిప్పినప్పుడు చక్కగా పనిచేయును. అప్పుడు సలహాదారు చెప్పు మాటలు కారు యజమానులందఱికి కంఠస్థములే: "ప్రాబ్లం ఏమీ కనబడలేదు సార్", "అన్ని బండ్లకూ ఇది నార్మలే సార్", "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం, ఇంకో వెయ్యి కిలోమీటర్లు తిప్పి చూడండి సార్". సాక్ష్యమంతయు ప్రతివాది పెట్టెలో నుండగా, ఆ పెట్టె తెఱచి చూపుమని వాదిని ఆజ్ఞాపించు పద్ధతి ఏ న్యాయసూత్రమునకు ఒదుగును?

పదే పదే చెడు కార్ల విషయమున అమెరికాలో లెమన్ చట్టములని వాడుకలో నున్న శాసనముల ఘనత నాకు ఇచ్చటనే కానవచ్చుచున్నది. కాలిఫోర్నియా రాష్ట్రమున 1970లో సాంగ్–బెవర్లీ చట్టము వచ్చినది. తగినన్ని పర్యాయములు యత్నించియు బాగుచేయలేని వస్తువును తయారీదారు మార్చవలెను, లేదా సొమ్ము తిరిగి యీయవలెనని అది విధించినది. కాని "తగినన్ని" యన ఎన్ని? ఆ ఒక్క పదము చుట్టును వివాదములు అల్లుకొన్నవి. ఇంకొకమాఱు యత్నింతుమని కంపెనీలు ఎంతకాలమైనను అనగలిగినవి. ఆ రంధ్రమును పూడ్చుటకై శాసనసభ సభ్యురాలు శాలీ టానర్ ప్రతిపాదించిన చట్టమును 1982లో ఆమోదించి, మాటకు బదులు అంకెలను ఉంచిరి. తరువాతి సవరణలతో కూడిన దాని నేటి రూపము ప్రకారము, బండి చేతికి వచ్చిన 18 నెలలలో లేక 18,000 మైళ్లలో, అనగా సుమారు 29 వేల కిలోమీటర్లలో, ఏది ముందైన దానిలో, ఒకే లోపమునకు 4 పర్యాయములు మరమ్మతు జరిగినను, ప్రాణాపాయము గాని తీవ్రమైన గాయము గాని కలిగింపగల లోపమునకు 2 పర్యాయములు జరిగినను, వేర్వేఱు లోపములకైనను విడివిడిగానైనను బండి మొత్తము 30 దినములకు మించి మరమ్మతులోనే పడియున్నను, తగినంత అవకాశము ఇచ్చినట్లే న్యాయస్థానము భావింపవలెను. కాదనువాడు కాదని రుజువు చేసికొనవలెను. ఆ యేడే కనెక్టికట్ రాష్ట్రమున శాసనసభ్యుడు జాన్ ఉడ్‌కాక్ ప్రత్యేకముగా క్రొత్త కార్లకొఱకు లెమన్ చట్టమును చేయించెను. నేడు 50 రాష్ట్రములలోను అట్టి చట్టములు కలవు.

ఈ ఏర్పాటులోని సూక్ష్మమును గ్రహింపక, ఇది ధనిక దేశపు విలాసమని త్రోసివేయువారు చాలమంది. లోపము బండి వినియోగమునకో విలువకో భద్రతకో గణనీయమైన హాని చేయునదిగా నుండవలెనన్న నియమము అచ్చటను కలదు. కాని లోపము ఎందులకు పుట్టినదో చెప్పవలసిన భారము కొన్నవానిపై లేదు. నాలుగు పర్యాయములు తమ నిపుణులే, తమ పరికరములతోనే, తమ కార్యశాలలోనే యత్నించి బాగుచేయలేకపోయిరన్న సత్యమునకు మించిన నిపుణ సాక్ష్యము వేఱెక్కడ దొరకును? మరమ్మతు వాదులు ఓర్పునకు హేతువుగా చూపు ఆ మరమ్మతులనే ఆ చట్టము లోపమునకు రుజువుగా స్వీకరించినది.

అచ్చటి లెక్క ఎంత నిష్పాక్షికమో చూడుడు. సొమ్ము తిరిగి యిచ్చునప్పుడు కొన్నవాడు లోపము లేకుండ అనుభవించిన ప్రయాణమునకు మూల్యము తగ్గించుకొనుటకు తయారీదారునకు హక్కు కలదు. బండి ఆయుర్దాయము 1,20,000 మైళ్లుగా లెక్కించి, మొదటి పర్యాయము ఆ లోపముతో మరమ్మతునకు తెచ్చునాటికి తిరిగిన మైళ్లకు మాత్రమే కోత విధింతురు. 36,000 డాలర్ల కారు 3,000 మైళ్లు తిరిగిన తరువాత మొదట మరమ్మతునకు వచ్చినచో కోత 900 డాలర్లు. ఆ తరువాత ఆ బండితో అతడు పడిన పాట్లకు అతనినుండి కిరాయి వసూలు చేయరాదు. యజమాని దురుపయోగము వలన చెడిన బండికి ఈ రక్షణ లేదు. తెలిసియు బాధ్యత నెరవేర్పని తయారీదారుపై నష్టమునకు రెట్టింపువరకు అదనపు దండన విధింపవచ్చును. గెలిచిన కొనుగోలుదారు న్యాయవాది రుసుమును కంపెనీయే చెల్లింపవలెను. ఈ చివరి నియమము లేనిచో నెలజీతగాడు మహాసంస్థ నెదిరించి న్యాయస్థానమునకు పోగలడా? వెనుకకు వచ్చిన బండిని క్రొత్త మోసముగా మఱియొకనికి అంటగట్టకుండ దాని హక్కుపత్రముపైనను తలుపు చట్రముపైనను ఆ సంగతి ముద్రింపవలెనన్న నియమము సైతము కాలిఫోర్నియాలో కలదు.

అచ్చట ఈ చట్టము దుర్వినియోగమగుచున్నదనియు, న్యాయవాదుల పంట పండుచున్నదనియు ఆక్షేపించువారి మాట నేను పెడచెవిని పెట్టను. దావాలు పెరిగినందున 2024లో కాలిఫోర్నియా శాసనసభ దావాకు ముందు నోటీసును, మధ్యవర్తిత్వమును, గడువులను ఏర్పఱచి విధానమును సవరించినది. ఆ యేడే అచ్చటి సుప్రీంకోర్టు, వారంటీ మిగిలియున్నంతమాత్రమున పాతకారు క్రొత్తకారుతో సమానము కాదని తీర్పు చెప్పినది. ఈ తీర్పు నాకు రుచింపదు. వారంటీ మిగిలియున్నదని నమ్మి కొన్నవాని ఆశ భంగమైనది. ఐనను గమనింపవలసిన విషయము వేఱు. ఇన్ని సవరణలు జరిగినను నాలుగు యత్నములు, రెండు యత్నములు, ముప్పది దినములు అను అంకెల జోలికి ఎవ్వరును పోలేదు. దుర్వినియోగమునకు చికిత్స విధానములో చేసిరి, హక్కును చంపలేదు.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కాపురమున్న తెలుగు ఇంజనీరునకు రెండేండ్లలో లేక 24,000 మైళ్లలో మూడు యత్నములు విఫలమైనను, మొత్తము 20 దినములు బండి పనికిరాకపోయినను ఆ రాష్ట్ర చట్టము అండగా నిలుచును. అతని తమ్ముడు విజయవాడలో అప్పుచేసి కొన్న కారు అదే విధముగా చెడినచో, బండి సర్వీసు సెంటరులో మూలుగుచుండగా నెలనెలా ఈఎంఐ మాత్రము తప్పక కట్టుచు, అర్జీలు వ్రాసికొనవలెను. ఒకే తల్లి బిడ్డలు పడిన ఒకే కష్టమునకు ఈ భేదమెందులకని మన పార్లమెంటు సభ్యులు ఎన్నడైన ఆలోచించిరా? ధనిక దేశములకే ఇది చెల్లుననుటయు అసత్యము. ఫిలిప్పీన్స్ 2014లోనే లెమన్ చట్టము చేసికొని, 12 నెలలలో లేక 20,000 కిలోమీటర్లలో నాలుగు యత్నములను హద్దుగా నిర్ణయించినది. సింగపూరు 2012లో, దక్షిణ కొరియా 2019లో తమ తమ రీతులలో ఆ బాట పట్టినవి.

మన సంప్రదాయమునకు ఇది పరాయి భావమా? కొన్న వస్తువును పరీక్షించి వెనుకకు ఇచ్చు హక్కును మన ధర్మశాస్త్రములు క్రీతానుశయమను వివాదపదముగా విచారించినవి. విత్తనములకు పది దినములు, రత్నములకు ఏడు, బరువు మోయు పశువులకు ఐదు, పాడిపశువులకు మూడు అని యాజ్ఞవల్క్యుడు పరీక్షాకాలమును వస్తువు వస్తువునకు వేఱువేఱుగా లెక్కకట్టెను. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యయగు మితాక్షరను 13వ శతాబ్దిలోనే కవి కేతన తెలుగు చేసినాడు. పాడిగేదె పాలిచ్చునో తన్నునో మూడు దినములలో తెలియును. లక్షల రూపాయల యంత్రము గుణము తెలియుటకు ఒకటి రెండు వర్షములు కావలెను. కాలము మాఱినది, కాని లోపము తెలియుటకు గడువుండవలెనన్న న్యాయము మాఱలేదు.

రీకాల్ విధానమున్నది చాలదా యని అడుగువారికి సమాధానము సులభము. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 110ఎ సెక్షను, పర్యావరణమునకో ప్రాణములకో హాని చేయు లోపము ఒక జాతి బండ్లలో కనబడి, నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు వచ్చినప్పుడు వానిని వెనుకకు పిలిపించునది. తన ఒక్కని బండి నిత్యము ఆగిపోవుచున్న మనుష్యునికి దానివలన ఒరుగునదేమియు లేదు.

ఇక చివరి ఆక్షేపణ: కంపెనీల భారము పెరిగినచో కార్ల ధరలు పెరుగునని. ఈ నష్టము ఇప్పుడు లేదా? ఉన్నది, దానిని మోయువాడు దురదృష్టవంతుడైన ఒక్క కొనుగోలుదారు. అందఱి ధరలో అత్యల్పముగా పంచబడవలసిన నష్టము ఒక్కని సంసారముపై గుదిబండ యగుచున్నది. అంతేకాక, ఆ నష్టమును తగ్గింపగల శక్తి తయారుచేయువానికి తప్ప మఱెవ్వరికిని లేదు. మోయనివానికి తగ్గించవలెనన్న తొందర యుండదు. అమ్మువానికి తెలిసినది కొనువానికి తెలియనిచోట మంచి సరుకు సైతము అంగడి విడిచిపోవునని జార్జ్ అకర్లాఫ్ 1970లో పాతకార్ల బేరమునే ఉదాహరణముగా గైకొని నిరూపించి, 2001లో నోబెల్ బహుమతి నందుకొన్నవారిలో ఒకడయ్యెను. అట్టి అంగడికి పూచీలే ఔషధములలో ఒకటియని అతడే సూచించెను.

కావున 2019 చట్టములోనే ఒక చిన్న అధ్యాయమును చేర్చుడని నా విన్నపము. కొన్న రెండు సంవత్సరములలో లేక 30,000 కిలోమీటర్లలో ఒకే లోపమునకు మూడు యత్నములు గాని, బ్రేకు స్టీరింగుల వంటి ప్రాణసంబంధమైన లోపమునకు ఒక్క యత్నము గాని విఫలమైనను, మొత్తముమీద 30 దినములు బండి మరమ్మతులో పడియున్నను, నిపుణుని సాక్ష్యముతో పనిలేకయే లోపము రుజువైనట్లు కమిషను భావింపవలెను. తిరిగిన కిలోమీటర్లకు న్యాయమైన కోత వేసి, రిజిస్ట్రేషను రుసుముతోను పన్నుతోను సొమ్ము తిరిగి యిప్పింపవలెను. ఇవన్నియు మరమ్మతు వివరములు వ్రాయు జాబ్ కార్డుపై ఆధారపడును గనుక, "ఊరికే చూసి ఇచ్చేస్తాం సార్, జాబ్ కార్డు ఎందుకు" అను వాడుకను నేరముగా పరిగణింపవలెను. బండి లోపలికి వచ్చిన దినమును, వెలుపలికి పోయిన దినమును, యజమాని చెప్పిన ఫిర్యాదును అతని మాటలలోనే వ్రాసి, సంతకము చేసి, ప్రతిని అతని చేతికి ఇచ్చుట సర్వీసు సెంటరునకు తప్పనిసరి విధిగా చట్టము నిర్ణయింపవలెను.